కాగితం బిళ్ల మీద గాజుపూస

పోయిన వారం మనం రిబ్కాని తెనాలిలో, కాలేజీ కెమిస్ట్రీ లాబులో, నాలుగు గాజుగొట్టాల ముందు నోట మాట రాకుండా నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఆ పిల్ల అలాగే నిలబడి ఉంది. ముందు ఆమెను కదిలిద్దాం.

మధ్యలో వచ్చి చేరినవారికి రెండు ముక్కలు చెప్పాలి. రిబ్కాది రేపల్లె. రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే పాసింజరెక్కి, వేమూరు దాటేదాకా నిలబడి, ఆ తర్వాత సీటు దొరికితే కూర్చుని, తెనాలి వచ్చి డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగం చేస్తోంది. ఉద్యోగం టెంపరరీ. ఈ ఎనభై ఎనిమిది మార్చిలో బీయస్సీ ప్రాక్టికల్ పరీక్షలు ఏ మచ్చా లేకుండా జరిగితే పర్మనెంటు కాగితం మీద సంతకం పెడతానని ప్రిన్సిపాలు మాటిచ్చారు. మచ్చ ఉందో లేదో రాసేది మాత్రం ఆయన కాదు, బాపట్ల నుంచి వచ్చిన ఎగ్జామినరు దశరథరామయ్య గారు. ఆయన కళ్ళద్దాల పైనుంచి చూస్తే చేతిలో బీకరు జారవిడిచిన పిల్లలు రెండు జిల్లాల్లో ఉన్నారు. ఏడేళ్ళ కిందట బాపట్లలో రిబ్కా బీయస్సీ ప్రాక్టికల్ చేసినప్పుడూ ఆయనే ఎగ్జామినరు. ఇన్ని వందల మందిలో తనని గుర్తుపట్టి ఉండరని ఆమె నమ్మకం, ఆశ కూడా.

ఆ పొద్దున నలుగురు పిల్లలకి కాలమ్ ప్రయోగం వచ్చింది. పేరు గంభీరంగా ఉంది గాని పని ముచ్చటైనది. నిలువుగా బిగించిన గాజుగొట్టంలో అల్యూమినా అనే తెల్లటి పొడిని నీళ్ళతో కలిపి నింపాలి. ఇనుము, రాగి, కోబాల్టు లవణాలు మూడూ కాస్త యాసిడ్‌లో కలిసి మురికినీళ్ళలా ఉన్న ద్రావణాన్ని పైన పోయాలి. అది మెల్లిగా కిందికి దిగుతుంటే కలిసిపోయిన మూడూ విడిపోతాయి. ఇనుము కదలనని మొండికేసి పైనే గోధుమరంగు పట్టీగా కూర్చుంటుంది. దాని కింద రాగి, మన మైలుతుత్తం రంగులో. అన్నిటికంటే ముందు పరిగెత్తే కోబాల్టు గులాబీరంగులో అట్టడుగున చేరుతుంది. నూకల్లోంచి రాళ్ళు ఏరడానికే మనకి కళ్ళు పోతాయి. కంటికి కనపడని వాటిని ఆ తెల్లపొడి కూర్చోబెట్టి ఏరుతుంది.

అలా జరగాలి. ఆ పొద్దున జరగలేదు. ద్రావణం పోసీ పొయ్యగానే నాలుగు గొట్టాలూ సోడాబుడ్డీల్లా బుసబుసమని పొంగాయి. తెల్లపొడి మధ్యలో అడ్డంగా చీలి, రంగులన్నీ ఒకదాని మీద ఒకటి పడి బురదైపోయాయి. అక్కడే కదా మనం ఆగింది.

"మేడమ్, నేనేం తప్పు చెయ్యలేదండి," అంది సీతాలక్ష్మి. ఆ నలుగురిలో చిన్నది, కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుంది.

"నువ్వేం చెయ్యలేదమ్మా," అంది రిబ్కా. ఆ మాటతో ఆమెకి కాళ్ళు కదిలాయి. బల్ల మీదున్న అల్యూమినా డబ్బాలోంచి చిటికెడు పొడి తీసి గాజుపలకలో వేసి, ఒక్క చుక్క యాసిడ్ వదిలింది. పొడి నురగలు కక్కింది. అల్యూమినా అయితే యాసిడ్ పడినా నోరెత్తదు. ఇలా నురగ కక్కే తెల్లపొడి మన వాకిళ్ళలో రోజూ కనిపిస్తుంది.

"ముగ్గుపిండి," అంది రిబ్కా గొణుగుతున్నట్టు.

"ఏంటీ?" అన్నారు దశరథరామయ్య గారు వెనకనుంచి.

"ముగ్గుపిండి సార్. డబ్బా మీద పేరు అల్యూమినాదే. లోపలున్నది ముగ్గు."

ఆయన నవ్వుతారేమోనని పిల్లలు చూశారు. ఆయన నవ్వలేదు, గడియారం చూసుకున్నారు.

"ఇప్పుడు పదిన్నర. గొట్టం నింపడం పిల్లలు నా ఎదుటే చేశారు, సరిగ్గానే చేశారు. దానికి మార్కులు వేసేశాను. పదకొండున్నరకల్లా మంచి పొడితో నాలుగు కాలమ్‌లు మీరే నింపి వాళ్ళకివ్వండి. ఇవ్వలేకపోతే ప్రయోగం జరగలేదని రాస్తాను, నలుగురికీ సున్నా. రెండో సంగతి, ఆ డబ్బాలోకి ముగ్గు ఎలా వచ్చిందో, అందుకు బాధ్యులెవరో కాగితం మీద రాసి నా చేతికివ్వండి. రిపోర్టుకి జతచేస్తాను."

"అలాగేనండి," అంది రిబ్కా. ఇంకేమంటుంది!

స్టోరు గదిలో లాజరున్నాడు. యాభై అయిదేళ్ళ అటెండరు. సన్నటి మనిషి, వేళ్ళ చివర్లు యాసిడ్లకి పసుపురంగు తిరిగిపోయాయి. చాలా ఏళ్ళ కిందట బాపట్ల నుంచి వచ్చాడని అందరికీ తెలుసు. అక్కడేం చేసేవాడో, ఎందుకొచ్చేశాడో ఎవరూ అడగలేదు. అటెండరుకి కూడా ఓ గతం ఉంటుందని మనకెక్కడ తోస్తుంది, సీసా తెమ్మంటే తెస్తే చాలు. ఆ రోజు మాత్రం ఎగ్జామినరు రిక్షా దిగిన దగ్గర్నుంచి లాజరు స్టోరు గది గుమ్మం దాటలేదు. సీసాలు గుమ్మం దాకా తెచ్చి పెడితే పిల్లలే తీసుకెళ్ళారు. రిబ్కాకి అప్పుడే అనుమానం వచ్చి ఉండాల్సింది.

"లాజరు బాబాయ్, ఈ డబ్బా ఎవరు తెరిచారు?"

లాజరు ఆమె మొహం చూశాడు, డబ్బా చూశాడు.

"ఆటలపోటీలప్పుడు సంజీవరావు మాష్టారొచ్చారమ్మా. కబడ్డీ కోర్టు గియ్యడానికి ముగ్గు అయిపోయింది, అవతల టీములు దిగిపోయినియ్యి, నీ దగ్గర తెల్లపొడి ఏదన్నా ఉంటే ఇవ్వు, రేప్పొద్దున్నే ఇచ్చేస్తానన్నారు. రెండు గ్లాసులు తీసుకోండి సార్ అన్నా. డబ్బా మొత్తం పట్టుకుపోయారు."

"ఇచ్చేశారా?"

"అన్న మాట ప్రకారం మర్నాడే తెచ్చిచ్చారు. నిండుగా."

"నువ్వు మూత తీసి చూడలేదా?"

లాజరు ఆశ్చర్యపోయాడు. "చేబదులు పోయింది తిరిగొస్తే మూత తీసి చూడకూడదమ్మా. ఇచ్చినోళ్ళని దొంగల్ని చేసినట్టుంటది. మా అమ్మ మాకట్టా నేర్పింది."

పక్కింటావిడ గ్లాసుడు కందిపప్పు తీసుకెళ్ళి, వారం తర్వాత గ్లాసుడు కందిపప్పు తెచ్చిస్తే, మనమూ అటు తిరిగి డబ్బాలో పోసుకుంటాం గాని ఆవిడ ఎదుట గింజలు చూసుకోం. సంజీవరావు మాష్టారి మనసులోనూ ఏ పాపం లేదు. తెల్లపొడి తీసుకెళ్ళారు, తెల్లపొడి తెచ్చిచ్చారు. పైగా ఆ ఏడు కబడ్డీ కోర్టు గీతలంత తెల్లగా ఎప్పుడూ లేవని, ఎన్ని కాళ్ళు పడినా చెరగలేదని వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. మెచ్చుకోరూ మరి! మద్రాసు నుంచి రైల్లో వచ్చిన మేలురకం అల్యూమినా అది.

రిబ్కాకి మాత్రం మెచ్చుకునే ఓపిక లేదు. రెండేళ్ళ రైలు ప్రయాణం, ప్రిన్సిపాలు మాట, రేపల్లెలో ఆసుపత్రి ఆయాగా ఇంకా నిలబడి పనిచేస్తున్న తల్లి దానమ్మ మోకాళ్ళు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

"నోటికాడ కూడు లాగేశావు బాబాయ్," అంది. అనకూడని మాటని తెలుసు, అయినా అనేసింది.

లాజరు స్టూలు జరుపుకుని ఎక్కాడు. అటక మీద పగిలిన ఫ్లాస్కుల వెనక చెయ్యి పెట్టి, పాత హార్లిక్స్ సీసా ఒకటి దించాడు. దాన్నిండా తెల్లపొడి.

"ఇది సరిపోద్దేమో చూడండమ్మా."

"ఏంటిది?"

"అల్యూమినానే. పరీక్షలైపోయాక ఏటా పారబొయ్యమంటారు గదా. పారబొయ్యబుద్ధి కాక దాచా. రంగు వదిలిందాకా యాసిడ్ నీళ్ళతో కడిగి, మళ్ళా మంచినీళ్ళతో కడిగి, డాబా మీద ఆరబెట్టి, మూకుట్లో ఎర్రగా కాల్చి పెట్టా."

ఈసారి రిబ్కా తొందరపడలేదు. చిటికెడు పొడి గాజుపలకలో వేసి, చుక్క యాసిడ్ వదిలి, ఊపిరి బిగబట్టి చూసింది. పొడి ఉలకలేదు, పలకలేదు. నిఖార్సయిన అల్యూమినా.

"నే నింపుతా, మీరెళ్ళి ఆ కాగితం రాసుకోండి," అన్నాడు లాజరు. ఎగ్జామినరు గొంతు స్టోరు గది దాకా వినపడే ఉంటుంది. "ఉన్నది ఉన్నట్టు రాయండమ్మా. నా గురించి చూడమాకండి."

రిబ్కా అతని వైపు చూడకుండా తలూపి వచ్చేసింది. కిటికీ పక్కన కూర్చుని తెల్లకాగితం ముందు పెట్టుకుంది. రాయడానికి ఎంతోసేపు పట్టలేదు. "స్టోరు అటెండరు లాజరు నా అనుమతి తీసుకోకుండా అల్యూమినా డబ్బాను ఆటల విభాగానికి ఇచ్చినందువల్ల, తిరిగి వచ్చిన డబ్బాను పరీక్షించుకోనందువల్ల ఈ పొరపాటు జరిగింది." చదువుకుంది. ఒక్క అక్షరం అబద్ధం లేదు. మడిచి తీసుకెళ్ళి దశరథరామయ్య గారి చేతికిచ్చింది. ఆయన చదవకుండానే జేబులో పెట్టుకున్నారు.

తన తప్పేం లేదని తేలిపోయాక మనిషికి హాయిగా ఉండాలి. రిబ్కాకి హాయిగా లేదు. పొద్దున టిఫిన్ తినకపోవడం వల్లే అనుకుంది.

పదకొండు ఇరవైకి సీతాలక్ష్మి పిలిచింది. "మేడమ్, మా కాలమ్‌లు వచ్చేశాయండి!"

నాలుగు గొట్టాలూ వరసగా స్టాండ్లకి బిగించి ఉన్నాయి. లాజరు స్టోరు గదిలోనే నింపి, గుమ్మం దగ్గర పెట్టి, లోపలికి వెళ్ళిపోయాడు. పొడి మట్టంగా, ఒక్క గాలిబుడగ లేకుండా, ఒక్క చీలిక లేకుండా, నేతిలో తడిపిన బియ్యప్పిండిలా నిండుగా ఉంది. పైన రెండంగుళాల నీళ్ళు. నీళ్ళ అడుగున, ద్రావణం పోసినప్పుడు పొడి చెదరకుండా, గుండ్రంగా కత్తిరించిన వడపోత కాగితం బిళ్ల. ఆ బిళ్ల తేలిపోకుండా దాని మీద ఒక గాజుపూస.

రంగు లేని పూస. కందిగింజంత ఉంది. నాలుగు గొట్టాల్లో నాలుగు పూసలు.

రిబ్కా గొట్టం మీదికి వంగి ఆ పూసని చూసింది.

ఏడేళ్ళ కిందట, బాపట్ల. బల్ల నంబరు ఏడు. రిబ్కాకి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. కాలమ్ నింపింది, ద్రావణం పొయ్యకముందే భయపడిపోయి, గొట్టం కింద నీళ్ళు వదిలే స్క్రూ బిగించడం మర్చిపోయింది. నీళ్ళన్నీ కారిపోయి పొడి ఎండిపోయి, నడిమధ్యకి చీలింది. కాలమ్ ఎండనివ్వకూడదని ఏడాదంతా చెప్పించుకున్న పిల్ల. ఇంకో గంటే టైముంది. ఏం చెయ్యాలో తెలియక వరండాలో కుళాయి దగ్గరికి పరిగెత్తి, నీళ్ళు తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. మొహం కడుక్కుని, చదువు ఇక్కడితో సరి అనుకుంటూ లోపలికొచ్చేసరికి ఏడో నంబరు బల్ల మీద కొత్త కాలమ్ నిలబడి ఉంది. తడిగా, మట్టంగా, కాగితం బిళ్లతో. బిళ్ల మీద గాజుపూసతో.

చుట్టూ చూసింది. ఎవరి పనిలో వాళ్ళున్నారు. అడిగే ధైర్యం లేదు, అడిగితే ఆ సాయం చేసినవాళ్ళ మెడకి చుట్టుకుంటుందని మాత్రం తెలుసు. ద్రావణం పోసింది. రంగులు మూడూ విడిపోయాయి. పరీక్ష పాసైంది, డిగ్రీ వచ్చింది, ఆ డిగ్రీతోనే ఈ ఉద్యోగం వచ్చింది. గొట్టం కడిగేటప్పుడు ఆ పూసని తీసి కొంగుకి కట్టుకుంది. తర్వాత జామెట్రీ బాక్సులో వేసుకుంది. ఇంటికెళ్ళి తల్లికి చెబితే దానమ్మ ఏమీ అడగలేదు గాని, ఆ రోజు నుంచి ఇంట్లో సాయంత్రం ప్రార్థనలో ఒక మాట చేరింది: "ప్రభువా, మా పిల్లని నిలబెట్టిన ఆ పేరు తెలియని చేతుల్ని దీవించు." ఏడేళ్ళలో జ్వరమొచ్చిన రోజు కూడా ఆ మాట తప్పలేదు.

ఆ చేతులు గోడకి అవతల, స్టోరు గదిలో, సీసాలు తుడుస్తున్నాయి. ఆ చేతుల పేరు ఇప్పుడే కాగితం మీద రాసి ఇచ్చి వచ్చింది.

రిబ్కా తన సంచిలో ఇప్పటికీ ఉన్న ఆ జామెట్రీ బాక్సు తెరిచి, పూస తీసుకుని, గబగబా స్టోరు గదిలోకి వెళ్ళింది.

"బాబాయ్, ఇది నీదేనా?"

లాజరు గుడ్డ పక్కన పెట్టి, పూసని వెలుతురులో పెట్టి చూశాడు. "నాదే అయ్యుంటది. బాపట్లలో దొరసాని గారి బంగళాలో పూసల తెర తెగిపోతే గుప్పెడు ఏరి తెచ్చుకున్నా. కాగితం తేలకుండా బాగుంటయ్యని."

"బాపట్లలో నువ్వు లాబులోనే చేసేవాడివా?"

"లాబులోనేనమ్మా."

"ఎనభై ఒకటిలో, ఏడో నంబరు బల్ల. కాలమ్ ఎండిపోయి ఒక పిల్ల బయటికెళ్ళి ఏడ్చింది. దాని కాలమ్ నువ్వే నింపావా?"

లాజరు ఆమె వైపు చూడలేదు. పూసనే చూస్తున్నాడు.

"ఎంతమందికి నింపానో అమ్మా. ఎండిపోయిన కాలమ్ కనపడితే నా చెయ్యి ఊరుకోదు. ఏ పిల్లకి నింపానో ఏం గుర్తుంటది?"

"ఆ పిల్లని నేనే బాబాయ్."

"అట్టాగా," అన్నాడు లాజరు. పూస ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మడిచాడు. "మంచిదే. దాచుకున్నారు గదా."

రిబ్కా గుప్పిట బిగించింది. "మా ఇంట్లో ఏడేళ్ళుగా సాయంత్రం ప్రార్థనలో నీ చేతులున్నాయి బాబాయ్. పేరు తెలియక చేతులనే అంటోంది మా అమ్మ. ఈ రోజు నించి పేరు పెట్టి అంటుంది. నేను తినే ప్రతి ముద్దా నువ్వు పెట్టిందే. నేనేమో నిన్ను నోటికాడ కూడు లాగేశావన్నాను." అతని పసుపువేళ్ళ చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"ఊరుకోండమ్మా, పిల్లలు చూస్తారు," అంటూ లాజరు చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"నీ పేరు రాసిచ్చాను బాబాయ్."

"నే రాయమన్నాగా. నిజమే గదా."

"సగమే నిజం," అంది రిబ్కా, అని బయటికి నడిచింది.

లాబులో నాలుగు కాలమ్‌లలోనూ రంగులు దిగుతున్నాయి. పైన గోధుమ, నడుమ నీలం, కింద గులాబీ, గీత గీసినట్టు. సీతాలక్ష్మి తన గొట్టం ముందు ఒక కాలు మీద ఒక కాలు వేసుకు నిలబడి, మొహమంతా వెలుగుతో చూసుకుంటోంది. దశరథరామయ్య గారు ఆమె పక్కనే ఉన్నారు. కాని ఆయన రంగుల్ని చూడటం లేదు. కాగితం బిళ్ల మీదున్న పూసనే చూస్తున్నారు. ఎంతసేపటి నుంచి చూస్తున్నారో ఏమో, రిబ్కా రెండుసార్లు పిలిస్తే గాని తల తిప్పలేదు.

"సార్, నేనిచ్చిన కాగితం ఒకసారి ఇస్తారా?"

ఆయన తన బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. జేబులోంచి కాగితం తీసి, అప్పుడు చదివారు.

"ఇందులో అబద్ధముందా?"

"లేదండి. నిజం సగమే ఉంది."

"ఆ మిగతా సగమేంటి?"

"సీలు లేని డబ్బా వచ్చినప్పుడు, పిల్లలకిచ్చే ముందు చుక్క యాసిడ్ వేసి చూడటం నా పనండి. అర నిమిషం పని. డబ్బా మీద పేరు చూసి సరే అనుకున్నాను. లాజరు ఇచ్చాడు గాని, చూడాల్సింది నేనండి. ఆయన పేరు కొట్టేసి నా పేరు రాస్తాను."

"రాస్తే ఏమవుతుందో తెలుసా? మీ ప్రిన్సిపాలు గారు పొద్దున నాతో చెప్పారు, నా రిపోర్టు చూసి మీ ఫైలు పంపుతామని."

"తెలుసండి."

"గంట కిందట తెలియదా?"

"అప్పుడూ తెలుసండి. అప్పుడు భయపడ్డాను."

ఆయన తెల్లకాగితం ఆమె ముందుకు జరిపారు. రిబ్కా నిలబడే రాసింది. అక్షరాలు వంకర పోలేదు. "ఈ పొరపాటుకి పూర్తి బాధ్యత నాది" అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేసింది. పర్మనెంటు ఉద్యోగం ఆ సంతకం కిందనుంచి జారిపోయిందని ఆమెకి తెలుసు. సాయంత్రం తల్లికి ఏం చెప్పాలో కూడా అప్పుడే తోచింది: అమ్మా, ఉద్యోగం సంగతి తర్వాత, ముందు ఆ చేతులెవరివో విను. అలా అనుకునేసరికి ఆమెకి పొద్దుటి నుంచి లేని ఆకలి వేసింది.

దశరథరామయ్య గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. తర్వాత కళ్ళద్దాలు తీశారు. అద్దాలు లేకపోతే ఆయన కళ్ళు అంత భయపెట్టేవి కావు.

"నీ గుప్పిట్లో ఏంటమ్మా?"

అప్పటిదాకా మీరు మీరు అన్న మనిషి. రిబ్కా గుప్పిట విప్పింది. పూసని బల్ల మీద, రెండు కాగితాల మధ్యలో పెట్టింది.

"ఏడో నంబరు బల్ల," అన్నారు ఆయన.

రిబ్కా తలెత్తింది. "మీకు నేను గుర్తున్నానా సార్?"

"నువ్వు గుర్తులేవు. ఆ బల్ల గుర్తుంది, ఈ పూస గుర్తుంది. గొట్టంలో చూడగానే గుండెలో కలుక్కుమంది." ఆయన పూసని వేలితో దొర్లించి, మళ్ళీ ఆపారు. "లాజరు బాపట్ల నుంచి ఎందుకొచ్చేశాడో ఎప్పుడైనా అడిగావా?"

"లేదండి."

"ఆ రోజు నేను కిటికీ అవతల ఉన్నాను. నువ్వు కుళాయి దగ్గరికి వెళ్ళడం చూశాను, అతను నీ బల్ల దగ్గరికి రావడం చూశాను. అప్పుడు నాకు రూలంటే రూలే. పరీక్ష అయ్యాక అతన్ని పిలిచి, ఇదిగో ఇలాగే, తెల్లకాగితం ముందు పెట్టి బాధ్యులెవరో రాయమన్నాను. ఆ పిల్ల అడిగితే చేశానని రాయి, నీ మీద సగమే పడుతుంది అని కూడా చెప్పాను." ఆయన వేలు పూస మీదే ఉంది. "అతను తన ఒక్కడి పేరే రాశాడు, పిల్లకేం తెలియదని రాశాడు. ఆ కాగితం నేను రిపోర్టుకి జతచేశాను. పదిహేను రోజులు తిరక్కుండా అతని ఉద్యోగం పోయింది."

రిబ్కాకి చెవుల్లో కుళాయి నీళ్ళ చప్పుడు వినపడింది. ఎంతమందికి నింపానో, ఏం గుర్తుంటది అన్నాడు ఆ మనిషి. పూసని చూస్తూ అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

వెనక సీసాలు ఒకదానికొకటి తగిలిన చప్పుడైంది. రిబ్కా తిరిగి చూసింది. పొద్దుటి నుంచి స్టోరు గది గుమ్మం దాటని లాజరు, చేతిలో సీసాల ట్రేతో, లాబు నడిమధ్య నిలబడి ఉన్నాడు. అతను రిబ్కాని చూడలేదు. సూటిగా దశరథరామయ్య గారిని చూస్తున్నాడు.

"సార్," అన్నాడు లాజరు మెల్లిగా, "ఈ సంగతి ఆ పిల్లకి ఎప్పటికీ తెలవనివ్వనని మీరు నాకు మాటిచ్చారు."